కోటమెరక చెక్కుబందీ

కోటంటే మరీ కోట కాదండి,
నాలుగు గోడలు, ఒకటిన్నర బురుజు.
మిగతా అర మొన్న ఎనభై ఆరు వరదకి పోయింది.

రాజోలు రిజిస్ట్రారాఫీసు అరుగు మీద
నలభయ్యేళ్లు దస్తావేజులు రాశాను.
చెల్లుబోయిన ఏసుబాబు రొయ్యల చెరువుకి
ఆ మెరక కొంటానని వచ్చాడు.
"పాతవన్నీ తిరగేసి లింకు కలపండి, బాబాయ్" అన్నాడు.
తిరగేశాను.

రాయి పుట్టని నేల మనది.
గులకరాయి కావాలన్నా పడవెక్కి రావాలి.
అంచేత వలందా కంపెనీవాడు
బురదలోకి వరలు దించి, ఇసక కూరి,
నూతుల మీద నిలబెట్టాడు గోడల్ని.
పైన కోట,
కింద నీళ్లు చేదని పదహారు నూతులు.
ఆల్చిప్పలు కాల్చిన సున్నం,
గానుగెద్దు తిరిగిన కొద్దీ కరక్కాయ నీళ్లు, బెల్లప్పాకం.
ఆ గోడకి ఇప్పటికీ చీమలు పడతాయి,
మూడొందలేళ్ల తీపి ఏ సందులో ఉందో వాటికే తెలుసు.
దూలాలు భద్రాచలం టేకు.
తెప్ప కట్టి ఎగువన వదిలితే
మనిషి సాయం లేకుండా రేవుకొచ్చి ఆగాయట.
అంత బరువు మోసిన గోదారికి
కూలి ఇచ్చినట్టు లెక్కల్లో ఎక్కడా లేదు.

మొదటి కాయితం నాకు కొరుకుడు పడలేదు.
మూలన ఓడ బొమ్మ, మైనం ముద్ర.
రెండోది ఇంగ్లీషువాడిది.
వాళ్లూ వాళ్లూ ఎక్కడో సముద్రం మీద కొట్టుకుంటే
ఇక్కడ తాళంచెవి చేతులు మారింది.
బట్టల బేళ్లు పోయి నీలిమందొచ్చింది.
తూర్పు గోడ లోపల మోకాలెత్తు దాకా
ఇవాళ్టికీ నీలం.
వేలంలో జగ్గరాజుగారు పాడుకున్నారు, పదకొండొందలకి.
బురుజులు ఆయన సరదా.
ఫిరంగి కంతల్లో పావురాలు పెంచారు.
ఏ శత్రువూ రాలేదు,
పేష్కషు బాకీకి బంట్రోతు వచ్చాడు.
తరవాత తటవర్తి అచ్చన్న, తాకట్టు మీద.
దర్బారు గదినిండా ధాన్యం పోశాడు.
ఆ పైన సుభద్రయ్యమ్మగారు,
జగ్గరాజుగారి మునిమనవరాలు.
కాసులపేరు కరిగించి కోట విడిపించుకుంది.
వేలిముద్రల కాలంలో గుండ్రటి అక్షరాల సంతకం,
చివరి అక్షరం దగ్గర కొంచెం ఆగినట్టు సిరా మచ్చ.
ఒక్క రాత్రి పడుకుందట అందులో.
తెల్లారి ఉప్పు కొఠారు గుమాస్తాలకి అద్దెకిచ్చేసింది,
నెలకి ఏడు రూపాయలు.
గబ్బిలాలన్నారు కొందరు. ఆవిడ ఏమీ అనలేదు.

ఇదంతా ఒక ఎత్తు, చెక్కుబందీ ఒక ఎత్తు.
వేలం నాటికి పద్నాలుగెకరాలు,
పడమర: ఎవరివో పొగాకు లంకలు.
తాకట్టు నాటికి తొమ్మిది,
పడమర: వశిష్ఠ గోదావరి.
సుభద్రయ్యమ్మగారికి మిగిలింది నాలుగు,
పడమర: వశిష్ఠ గోదావరి.
నిన్న సర్వేయరు గొలుసు పట్టుకు దిగితే
డెబ్బై సెంట్లు.
పడమటి గోడ మొల లోతు నీళ్లలో ఉంది,
దాని కిటికీలోంచి పల్లెకారు కుర్రాడు గాలం వేస్తున్నాడు.
ఎవరూ అమ్మలేదు. ఎవరూ దఖలు పరచలేదు.
పన్నెండేళ్లు అడ్డూ ఆపూ లేకుండా అనుభవిస్తే
హక్కు పుడుతుందంటుంది చట్టం.
మరి ఆ టేకు దూలాల కూలికి
వడ్డీ ఎంతయిందో ఎవరు కట్టారు?

ఏసుబాబు బయానా సంచి బల్ల మీద పెట్టాడు.
"తొందరగా కానియ్యండి, పిల్ల వేసే అదను దాటిపోద్ది."
"సదరు ఆస్తిలో అన్యులకు ఎట్టి హక్కులూ లేవు" అని రాసి
కింద నా దస్తూరి చేవ్రాలు పెట్టబోతుంటే
పెరట్లో దబ్ దబ్ మని చప్పుడు.
మా ఆవిడ బండ మీద దుప్పటి ఉతుకుతోంది.
నల్లటి బండ, గడప వాటం, ఒక చివర ఇనప చీల దిగిన కంత.
ఓడ అడుగున బరువుకి వేసుకొచ్చిన రాయి అయ్యుంటుంది.
మా తాత ఏదో తుపాను మర్నాడు
ఇద్దరు మనుషుల్ని పెట్టి దొర్లించుకొచ్చాడు.
రాయి పుట్టని ఊళ్లో రాయెక్కడిదని
చిన్నప్పుడు నేనూ అడగలేదు.

"రేపు రావయ్యా" అన్నాను ఏసుబాబుతో,
"ఒక లింకు తగ్గింది."